పసుపు నీళ్ళ సాళ్ళు

బెంగళూరు,
జూలై 30.

పెద్దమ్మకు,

నిన్న తెల్లవారి క్షేమంగా దిగాము. నువ్వు కట్టిచ్చిన ఊరిబిండి పచ్చడి సగం బస్సులోనే అయిపోయింది. మిగిలిన సగం జోయల్ ల్యాబులో అందరికీ పంచి, మా పెద్దమ్మ చేసిందని చెప్పుకున్నాడు. చేనులో కప్పు కట్టడానికి నాతో వచ్చి రెండు రోజులు గుంతలు తవ్విన స్నేహితుడు కదా, ఆ మాత్రం చుట్టరికం కలుపుకోనీ.

బస్సు ఎక్కేటప్పుడు నువ్వు అడిగావు, "వానకు మొక్కుకునే ఊళ్ళో వాన పడకుండా పందిరి యేమిటికే?" అని. కండక్టరు తొందరపెట్టాడు గనుక సరిగా చెప్పలేదు. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

ఆకులో ఉండే మాంసకృత్తులను పూసల దండలనుకో. ఆ పూసలే అమైనో ఆమ్లాలు. నీళ్ళు లేకపోతే మొక్క ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, దానికి వంట సాగదు. అప్పుడు ముసలి ఆకుల్లోని దండలు తెంపి, పూసలను విరగ్గొట్టి, వాటితో ప్రాణం నిలుపుకుంటుంది. ఒక్క పూసను మాత్రం అట్లా విరగ్గొట్టదు. దాని పేరు ప్రోలిన్. ఎండ ముదిరేకొద్దీ దాన్ని పోగేసుకుంటూ పోతుంది. నీళ్ళు తగిలాక కొన్ని గంటల్లోనే దాన్ని విరగ్గొట్టి, ఆ బలంతో మళ్ళీ లేస్తుంది. ఇదంతా కుండీల్లో పెంచిన మొక్కల్లో చూశాను. మన ఎర్రనేలలో, మన ఇంటి పాత శెనక్కాయలో ఎట్లా జరుగుతుందో చూడాలి.

అందుకే ఆరు సాళ్ళు కప్పు కింద, ఆరు బయట. ఆగస్టు ఐదున అన్నిటికీ ఆఖరి తడి. ఆ తరువాత బయటి సాళ్ళకు బోరు నీళ్ళు మామూలుగా పెట్టు. కప్పు కింది వాటికి ముప్పై రోజులు చుక్క పడకూడదు. ఆరు రోజులకొకసారి తెల్లవారగానే సాలుకు రెండు ఆకులు కోసి, కోసిన వెంటనే ఆ సాలు నంబరున్న స్పిరిట్ సీసాలో వేసి, ఐసు డబ్బాలో పెట్టి సాయంత్రం బస్సుకు ఇవ్వు. ప్రతి డబ్బాలోనూ ఉత్తరం ఉండాలి. ఫోనులో నువ్వు బాగానే మాట్లాడతావు, కానీ మాట మిగలదు. నీ ఉత్తరాన్ని నా నోటు పుస్తకంలో అతికిస్తాను. మా గైడు రెబెకా మేడమ్ కాగితం లేనిదే దేన్నీ నమ్మదు.

ఇది నాకు ఆఖరి పంట, పెద్దమ్మా. ఈసారి ఆకులు సరిగా రాకపోతే చేను అధ్యాయం తీసేసి కుండీలతోనే నా పరిశోధన పుస్తకం ముగించమని మేడమ్ చెప్పేసింది. నాలుగేళ్ళు చదివింది కుండీల గురించి రాయడానికి కాదు.

నీ
హేమలత


కుందుర్పి,
ఆగస్టు 11.

హేమా,

ఆరో దినం ఆకులు పన్నెండు సీసాల్లో ఉన్నాయి. ఉత్తరం తడవకుండా పాల కవరులో చుట్టాను, వాసన వస్తే మేడమ్‌కు చూపించే ముందు కాసేపు ఎండలో పెట్టు. వయోజన విద్యలో ముసలోళ్ళకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది, ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ పని దొరికింది.

నీ కప్పు వల్ల ఊళ్ళో నాకు మంచి పేరే వచ్చింది. మొన్న మధ్యాహ్నం ఆకాశానికి కాస్త మోడం పట్టింది. నేను ఉరుకెత్తి కప్పుకు ప్లాస్టిక్ పట్ట లాగుతుంటే పక్క చేను కుళ్ళాయప్ప గెనెం గట్టు మీద నిలబడి, "ఏమక్కా, మోడం వస్తే ఊరంతా చేతులెత్తి మొక్కుతారు, నువ్వు గొడుగు పడతాండావు. దేవుడు సిగ్గుపడి కర్ణాటకకు పోతాండాడు సూడు" అన్నాడు. మోడం నిజంగానే అటే పోయింది. మీ పెద్దనాయన సంగతి చెప్పనే అక్కరలేదు. గొర్రెలను తోలుకుపోతూ, "మనుషులు ఉపాసం ఉండేది సూసినా గానీ చెట్లకు ఉపాసం పెట్టేది ఇప్పుడే సూస్తాండా" అని నవ్విపోయాడు.

నువ్వు రాసిన ప్రోలిన్ సంగతి మాకు కొత్త కాదులే. మా అత్త అంజనమ్మ అటక మీద ఒక విత్తనాల కుండ ఉంచేది. ఒక కరువులో పొయ్యిలోకి కట్టెలు లేక వాకిలి తలుపు ఊడదీసి మంట పెట్టిందట గానీ, ఆ కుండ మూత మాత్రం తీయలేదట. విత్తడానికి పదును వాన పడిన దినమే తీసేది. తలుపులు మీ ముసలి ఆకులు, కుండ మీ ప్రోలిన్, అంతే కదా?

ఇప్పుడు నీ కప్పు కింద ఉన్నది ఆ కుండలోని విత్తనమే. ఆమె పేరు పాసుపుస్తకంలో లేదు. ఓటరు కార్డులో ఉన్నా తప్పు రాశారు. ఆమెదని చెప్పుకోవడానికి ఈ లోకంలో ఉండేది ఆ కాయలు మాత్రమే.

పెద్దమ్మ


బెంగళూరు,
ఆగస్టు 20.

పెద్దమ్మకు,

ఆరో రోజువి, పన్నెండో రోజువి రెండు డబ్బాలూ అందాయి. సీసాలు చెక్కు చెదరలేదు. కప్పు కింది ఆరు సాళ్ళూ ఒకే మాట మీద ఉన్నాయి. ప్రోలిన్ ఆరో రోజుకు కొంచెం పెరిగింది, పన్నెండో రోజుకు బయటి సాళ్ళకన్నా తొమ్మిది రెట్లుంది. కుండీల్లో నాకు ఇంత చక్కగా ఎప్పుడూ రాలేదు.

అంజనమ్మవ్వ కుండ గురించి నువ్వు రాసింది మేడమ్‌కు చదివి వినిపించాను. ఆమె నవ్వదు, నీకు తెలుసు కదా. నవ్వింది. నాలుగేళ్ళుగా నేను చెప్పలేక తడుముకుంటున్నది మీ పెద్దమ్మ రెండు వాక్యాల్లో చెప్పింది అన్నది. నాకు సంతోషమూ వేసింది, కొంచెం కుళ్ళూ వేసింది.

ఇకమీదటే కష్టం. పద్దెనిమిదో రోజుకు చెట్లు బాగా వాడతాయి. చూడలేకపోతే ఆ వైపు పోవద్దు. ఆకు కోసేటప్పుడు మాత్రం పో.

హేమ


కుందుర్పి,
ఆగస్టు 23.

హేమా,

పద్దెనిమిదో దినం ఆకులు పంపుతున్నాను. ఆ వైపు పోవద్దని రాశావు. చేను ఇంటి వెనకాలే ఉంటే ఎక్కడికి పోయి ఉండాలి? కళ్ళకు గంతలు కట్టుకోమంటావా?

ఊడలు దిగే కాలం వచ్చింది. పూత రాలిన చోట సన్నటి ఊడలు వచ్చి కిందికి వంగుతున్నాయి, అవి నేలలో దిగితేనే కదా కాయ. బయటి సాళ్ళలో నేల మెత్తగా ఉంది, అవి సుఖంగా దిగిపోయాయి. కప్పు కింద నేల రాయయిపోయింది. ఊడలు నేల దాకా వచ్చి, మొన గుచ్చుకోక అట్లే వేలాడుతున్నాయి. ఆకులు పొద్దున్నే ముడుచుకుంటున్నాయి. ఇది రాస్తే నీ శాస్త్రానికి పనికొస్తుందని రాస్తున్నాను, ఏడవడానికి కాదు.

నిన్న శ్రావణంలో కడా శుక్రవారం. పూజ చేసుకున్నాను. గొర్రెలు బాగున్నాయి. మీ పెద్దనాయనకు మోకాలి నొప్పి తగ్గింది. ఇంక విశేషాలేమీ లేవు.

పెద్దమ్మ


బెంగళూరు,
ఆగస్టు 27.

పెద్దమ్మకు,

ఒక చిక్కు వచ్చింది. పద్దెనిమిదో రోజు ఆకుల్లో ఒకటి నుంచి నాలుగు సాళ్ళ దాకా ప్రోలిన్ అనుకున్నట్టే పెరిగింది. ఐదు, ఆరు సాళ్ళలో మాత్రం మూడో వంతుకు పడిపోయింది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము వాటిలో మేలుకొని పనిచేస్తోంది. ఎండలో మాడే మొక్క ఆ పని చేయదు.

ఇంకొకటి. ఆ రెండు సీసాల్లో స్పిరిట్ రంగు తేడాగా ఉంది. ఆకుపచ్చగా ఉండాల్సింది పసుపు తిరిగింది. సీసాలు తెరిచింది, యంత్రంలో పెట్టింది జోయల్. ఏదో కలిపేసి ఉంటాడని నాకు అనుమానం. అడిగితే, "నేను ముట్టుకోక ముందే రంగు అట్లుండాది" అన్నాడు. నాకు కోపం వచ్చి అందరి ముందూ గట్టిగా అన్నాను.

కప్పు ఎక్కడైనా చిరిగిందా? రాత్రిపూట ఎవరైనా నీళ్ళు పోశారా? దాచుకోకుండా రాయి.

హేమ


కుందుర్పి,
ఆగస్టు 29.

హేమా,

ఇరవై నాలుగో దినం ఆకులు పంపుతున్నాను. కప్పు చిరగలేదు. వాన పడలేదు. కప్పు కింది సాళ్ళకు బోరు నీళ్ళు ఒక్క చుక్క పెట్టలేదు. కాలువ అటు తిప్పనే లేదు. మీ పెద్దనాయనను అడుగు, కుళ్ళాయప్పను అడుగు.

సీసాల సంగతి నాకేం తెలుసు. మీ యంత్రాలు మీకు తెలియాలి.

పెద్దమ్మ


బెంగళూరు,
సెప్టెంబరు 1.

పెద్దమ్మకు,

నీ ఉత్తరం నాలుగు వరుసలే ఉంది. నువ్వు నాలుగు వరుసల్లో ఉత్తరం రాయడం నేను ఎప్పుడూ చూడలేదు. కోపం వచ్చిందేమో. నీ మీద అనుమానపడి అడగలేదు.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. మేడమ్ లెక్కలన్నీ తిరగేసింది. ఆరు సాళ్ళలో రెండు ఎందుకు అట్లా ఉన్నాయో చెప్పలేకపోతే మిగిలిన నాలుగింటిని ఎట్లా నమ్మాలి అన్నది. శుక్రవారం దాకా గడువిచ్చింది. ఆ లోపల కారణం తెలియకపోతే చేను అధ్యాయం పోయినట్టే. జోయల్‌ను యంత్రం ముట్టుకోవద్దన్నది. అతని పని కూడా దాని మీదే ఉంది. పొద్దున వచ్చి, ఖాళీగా కూర్చుని, సాయంత్రం పోతున్నాడు. "నువ్వు గూడా నేనే చేసినా అనుకుంటాండావు గదా" అని ఒక్కసారి అడిగాడు. నేను కాదనలేకపోయాను.

ఒక్కటి మాత్రం తెలుసు. మొక్క అబద్ధమాడదు. దాచుకున్నదాన్ని అది ఊరికే విరగ్గొట్టదు. పదిహేడో రోజు శుక్రవారం సాయంత్రానికీ శనివారం తెల్లవారుజాముకీ మధ్య ఆ రెండు సాళ్ళకు నీళ్ళైనా తగిలి ఉండాలి, లేదంటే ఇక్కడ సీసాలైనా మారి ఉండాలి. నువ్వు పోయలేదన్నావు కనుక తప్పు ఇక్కడిదే అయి ఉంటుంది.

హేమ


కుందుర్పి,
సెప్టెంబరు 2.

హేమా,

తప్పు అక్కడిది కాదు. ఈ ఉత్తరం అందగానే ముందు ఆ పిల్లవాడికి చదివి వినిపించు, తరువాత మేడమ్‌కు.

నీళ్ళు పోసింది నేనే.

ఊడలు దిగే కాలంలో వచ్చే శ్రావణ శుక్రవారం నాడు చేనుకు పసుపు నీళ్ళు చల్లి టెంకాయ కొట్టడం మా అత్త నేర్పిన పద్ధతి. కడుపుతో ఉన్న ఆడబిడ్డకు చేసినట్టు చేయాలని చెప్పేది. దారి పక్క రెండు సాళ్ళకు మూడు వేళ్ళతో చల్లితే చేనంతటికీ చేసినట్టే. నా పెళ్ళైనప్పటి నుంచి ఒక్క ఏడూ మానలేదు. దారి పక్క సాళ్ళు అంటే ఐదు, ఆరు.

దీపాలు పెట్టే వేళకు పోయాను. రెండు బిందెల్లో నీళ్ళు, అందులో పసుపు. మూడు వేళ్ళతోనే మొదలుపెట్టాను. వంగి చూస్తే ఊడలు నేల మీద మొన ఆనించి నిలబడి ఉన్నాయి. ఇంకొక్క గింజెత్తు దిగితే చాలు, దిగలేవు. నాకు ఏమైందో తెలియదు, చల్లాల్సిన చెయ్యి బిందె వంచింది. ఐదో సాలుకు ఒక బిందె, ఆరో సాలుకు ఒక బిందె, ఆకుల మీది నుంచే పోశాను. మిగిలిన నాలుగు సాళ్ళ వైపు చూడకుండా తల తిప్పుకొని ఇంటికి వచ్చాను. నీ సీసాల్లో పసుపు అదే. జోయల్ కళ్ళు మంచివి.

పూజ నీళ్ళు నీళ్ళు కావని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు అడిగినప్పుడు బోరు నీళ్ళు పెట్టలేదని రాశాను చూడు, అది రాసేటప్పుడు నా చేతికే సిగ్గేసింది. దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాను. మీ పెద్దనాయనకు నిన్న చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఆ పిల్లకాయ మీద పడ్నాక గూడా ఊరికే కూసున్నావా నువ్వు?" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంత మాట అనడం ఇదే మొదలు.

ఆ రెండు బిందెలు తప్ప ఇంకొక చుక్క ఏ దినమూ పోయలేదు. ఇప్పుడు నా మాట నమ్మమని అడగడానికి ముఖం లేదు. అయినా నిజం.

పెద్దమ్మ


కుందుర్పి,
సెప్టెంబరు 5.

హేమా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. కోపంగా ఉంటావు. ఉండు. ఆకులు పంపడం మాత్రం నా పని గనుక పంపుతున్నాను.

మొన్న, ఇరవై తొమ్మిదో దినం, వాన వచ్చింది. రాదు రాదనుకున్న వాన మధ్యాహ్నం భోజనాల వేళకు ఉత్తరం నుంచి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు, పిల్లకాయలు వీధిలోకి వచ్చి తడుస్తున్నారు. నేను సంగటి ముద్ద వదిలేసి చేనుకు ఉరికాను. పట్ట లాగానో లేదో గాలికి ఒక మూల తాడు తెగింది. పట్ట లేచి కొట్టుకుంటోంది. నేను ఆ మూలను రెండు చేతులా పట్టుకొని గుంజకు ఆనుకొని నిలబడ్డాను. నిలబడ్డానే గానీ పక్క మూల కూడా లేస్తోంది.

అప్పుడు మీ పెద్దనాయన వచ్చాడు. గొర్రెలను ఎక్కడ వదిలాడో అడగలేదు. ఆ మూల పట్టుకున్నాడు. గంటన్నర సేపు ఇద్దరమూ రెండు మూలలు పట్టుకొని వానలో నిలబడ్డాము. నెల దినాలుగా ఊరంతా మొక్కుకున్న వాన మా వీపుల మీద పడుతోంది, మా కాళ్ళ దగ్గర చెట్లు ఎండి ఉన్నాయి. కుళ్ళాయప్ప తడుస్తూ వచ్చి గెనెం మీద నిలబడి, "అన్నా, మీ ఇద్దరికీ యేమన్నా పట్టిందా?" అన్నాడు. మీ పెద్దనాయన, "పట్టింది పట్టే. మాటలు చాలించి ఆ తాడు ఇట్ల తే" అన్నాడు. కుళ్ళాయప్ప తాడు తెచ్చి కట్టాడు, చుట్టూ పారతో చిన్న కాలువ తీసి నీళ్ళు కూడా పక్కకు మళ్ళించాడు. లోపలికి నీళ్ళు రాలేదు. చేత్తో తడిమి చూశాను.

నిన్న ముప్పయ్యో దినం. నువ్వు చెప్పినట్టే పొద్దున ఆరింటికి ఆరు సాళ్ళకూ నీళ్ళు పెట్టాను. నిజం చెబుతున్నాను, ఇంత ఆకలితో తాగే నేలను నేను చూడలేదు. నీళ్ళు పెట్టక ముందు ఒకసారి, పెట్టిన రెండు గంటలకు, నాలుగు గంటలకు, పొద్దుగుంకేటప్పుడు, ఈ దినం తెల్లవారి ఆకులు కోశాను. అన్నీ వేరు వేరు సీసాలు. ప్రతి సీసా మీద వేళ రాశాను.

పెద్దమ్మ


బెంగళూరు,
సెప్టెంబరు 8.

పెద్దమ్మా,

రెండు రోజులు నీ మీద కోపంతోనే ఉన్నాను. నువ్వు నీళ్ళు పోసినందుకు కాదు, నా చేత జోయల్‌ను అనిపించినందుకు. తరువాత ఆలోచిస్తే, అనమని నువ్వు చెప్పలేదు. అన్నది నా నోరు.

నీ ఉత్తరం చెప్పినట్టే ముందు అతనికి చదివాను. అందరి ముందూ అన్నాను కనుక అందరి ముందే మన్నించమని అడిగాను. పసుపు దగ్గరికి వచ్చేసరికి పగలబడి నవ్వాడు. "ఊరిబిండి ఒక డబ్బా ఇప్పించు, సరిపోతాది" అన్నాడు. డబ్బా పెద్దది పంపు.

మేడమ్ నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకున్నది. "తప్పును బిందెలతో సహా రాసిన మనిషి మిగతా లెక్క దొంగగా రాయదు" అన్నది. నాలుగు సాళ్ళను అధ్యాయంలో ఉంచుకోమన్నది. ఐదు, ఆరు సాళ్ళను విడిగా చూపించమన్నది. ఆ మరునాడే వానలో మీరిద్దరూ పట్ట పట్టుకున్న ఉత్తరం అందింది. అది ఒక్కసారి చదివి వినిపించాక, ఆమే తీసుకొని మళ్ళీ మళ్ళీ చూసింది. తెలుగు అక్షరాలు రాకపోయినా.

ఇక ఆకుల సంగతి. నీళ్ళు పెట్టిన రెండు గంటలకు ప్రోలిన్‌లో మార్పే లేదు. నాలుగు గంటలకు ఎంజైము లేచింది. పన్నెండు గంటలకు, పొద్దుగుంకేసరికి, మూడో వంతే మిగిలింది. మరునాటి తెల్లవారికి ఇంకా తగ్గింది. నువ్వు శుక్రవారం దీపాల వేళకు పోశావు, శనివారం తెల్లవారి కోశావు, అవీ పన్నెండు గంటలే. ఆ రెండు సాళ్ళు చూపించింది కూడా మూడో వంతే. చెట్లు నీకన్నా ముందే నిజం చెప్పాయి, మేమే వినలేదు.

పెద్దనాయన గొర్రెలు దొరికాయా?

హేమ


కుందుర్పి,
నవంబరు 12.

హేమా,

గొర్రెలు ఎప్పుడో దొరికాయి. కుళ్ళాయప్ప కందిచేను మేస్తూ దొరికాయి, ఆ సిగ్గుకే ఇన్నాళ్ళు రాయలేదు. ఆయన తాడు కట్టిన పుణ్యం ఊరికే పోలేదని మీ పెద్దనాయన అంటున్నాడు.

కాయలు పీకాము. నువ్వు రాయమన్నట్టు చెట్టు చెట్టుకూ లెక్క పెట్టాను. కప్పు కింద నాలుగు సాళ్ళలో చెట్టుకు ఎనిమిది, తొమ్మిది కాయలు. ఐదు, ఆరు సాళ్ళలో పద్నాలుగు. నేను ఏమీ అనడం లేదు. లెక్క మాత్రం రాస్తున్నాను.

ఊరిబిండి రెండు డబ్బాలు పంపుతున్నాను. మూత మీద జోయల్ పేరు రాసింది నువ్వు ముట్టుకోవద్దు. మంచి కాయలు ఏరి విత్తనానికి పక్కన పెట్టాను. కప్పు పట్ట ఇక్కడే ఉంది. మీ పెద్దనాయన దాన్ని గొర్రెపిల్లల దొడ్డికి వేస్తానంటున్నాడు, నీ పుస్తకం అయ్యేదాకా ముట్టనివ్వను.

పెద్దమ్మ


బెంగళూరు,
మార్చి 19.

పెద్దమ్మకు,

పుస్తకం ఇచ్చేశాను. మూడో అధ్యాయం మన చేనే. పట్ట గొర్రెపిల్లలకు ఇచ్చేయమని పెద్దనాయనకు చెప్పు.

అందులో ఒక పుట నకలు తీసి పంపుతున్నాను. ఇంగ్లీషులో ఉంది కనుక రెండు చోట్ల పెన్సిలుతో గీత పెట్టాను. మొదటి గీత దగ్గర ఇట్లా ఉంది: విత్తనం, కుందుర్పికి చెందిన అంజనమ్మ తరాలుగా కాపాడిన రకం. రెండో గీత దగ్గర ఇట్లా ఉంది: ఐదు, ఆరు సాళ్ళకు పదిహేడో రోజు సాయంత్రం అంజనమ్మ పద్ధతి ప్రకారం జరిగిన చేని పూజలో చెరొక బిందె పసుపు నీళ్ళు అందాయి, కనుక వాటిని విడిగా చూపించాము.

పరీక్షకులు నవ్వుతారేమో, రెండోది తీసేద్దామా అని మేడమ్‌ను అడిగాను. "జరిగింది రాయకపోతే అది శాస్త్రం ఎట్లా అవుతుంది?" అన్నది. వచ్చే ఏడు వేరే పిల్లలు వేరే ఊళ్ళో ఇట్లాంటి పని మొదలుపెడుతున్నారు. వాళ్ళకిచ్చే కాగితంలో ఒక ప్రశ్న కొత్తగా చేర్చాము: ఈ చేనులో చేసే పూజలు ఏవి, ఏ రోజు, ఎన్ని నీళ్ళు?

హేమ


కుందుర్పి,
ఏప్రిల్ 2.

హేమా,

నీ పుట అందింది. పెన్సిలు గీత ఉన్న చోట ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషు బస్సు బోర్డులదాకానే. అయినా ఆ పేరు పట్టుకున్నాను. ఒక్క అక్షరమూ తప్పు పోలేదు.

నా తప్పు అచ్చు పడినందుకు మొదట సిగ్గేసింది. తరువాత రెండోసారి చదివాను. తప్పు నాది, పద్ధతి ఆమెది అని విడివిడిగా రాశావు. అది చాలు.

మీ పెద్దనాయన గొర్రెలను దొడ్డికి తోలి వచ్చాక కాగితం చేతికిచ్చి, వేలితో ఆ చోటు చూపించాను. ఆయనకు చదువు రాదని నీకు తెలుసు. కాళ్ళు కడుక్కొని వచ్చి, అరుగు మీద కూర్చుని, ఆ పేరు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి వేలు పోనిచ్చాడు. "మా యమ్మ పేరు ఇంగ్లీషులో ఇంత పొడుగుండాదా" అన్నాడు.

కాగితాన్ని పటం కట్టిద్దామా అని అడిగాను. వద్దన్నాడు. అటక మీది నుంచి కుండ ఆయనే దించాడు. ఈ ఏటి విత్తనం మీద ఆ కాగితం మడిచి పెట్టి, మూత వేసి, గుడ్డ కట్టాము. పదును వాన పడిన దినం తీస్తాము.

పెద్దమ్మ